రమణకు, ఆల్‌రౌండ్ స్కేటింగ్ లెక్క

కడప

రమణా,

జాబు అందింది. అనంతపురంలో ఎండ ఎట్లుందో నువ్వు రాయనక్కరలేదులే, ఇక్కడా అదే కత. మద్దేనం పన్నెండు దాటితే ఏడు రోడ్ల దగ్గర కూడా మనిషి కనపడ్డం లేదు. ఇట్లాంటి ఊర్లో కూచోని మంచు మీద పందేల గురించి ఇన్ని పేజీలు రాయడమేందని నువ్వు నవ్వినా సరే, అడిగింది నువ్వే కాబట్టి చదవక తప్పదు.

నువ్వు పట్టుకున్న అనుమానం సరైందే. ఏ పందెంలోనూ మొదట రానోడికి చాంపియన్ పట్టం కట్టొచ్చా అంటే, ఈ ఆల్‌రౌండ్ పోటీలో, అంటే ఒకే మనిషి మంచు మీద నాలుగు దూరాలు పోయే స్పీడ్ స్కేటింగ్ ప్రపంచ పోటీలో, కట్టొచ్చు. ఎవరు ముందు గీత దాటినారని చూస్తా కూచుంటే ఆల్‌రౌండ్ ఎప్పటికీ అర్థం కాదప్పా. చేతిలో పెన్నూ కాగితం పెట్టుకొని చూడాల్సిన ఆట ఇది.

రెండు రోజుల్లో ఒక్కొక్కరు నాలుగు దూరాలు పోవాల. మగవాళ్లకు మొదటి రోజు 500, 5000 మీటర్లు. రెండో రోజు 1500, 10000. ఆడవాళ్లకు మొదటి రోజు 500, 3000. రెండో రోజు 1500, 5000. మూడు దూరాలు అయినాక అందరూ మిగలరు, ఎనిమిది మందే ఆఖరి దూరానికి పోతారు. నువ్వు టీవీలో చూసినప్పుడు ఆఖర్న జనం తగ్గిపోయినారే, అందుకే. వాళ్లెవరూ దెబ్బ తగిలి మానుకున్నోళ్లు కాదు.

ఇంగ లెక్క. ప్రతి దూరంలో పట్టిన కాలాన్ని 500 మీటర్లకు సగటు కట్టి, వచ్చిన సెకన్లనే పాయింట్లు అంటారు. 500 అయితే పట్టిన సెకన్లు అట్లనే. 1500 అయితే మూడుతో భాగించు, 3000ను ఆరుతో, 5000ను పదితో, 10000ను ఇరవైతో. దశాంశం తర్వాత మూడు అంకెలు ఉంచి మిగతాది కోసేస్తారు, సవరించరు. నాలుగూ కలిపితే ఎవరికి తక్కువ వస్తే వాళ్లే చాంపియన్.

ఊరికే ఇద్దర్ని అనుకో, ఒకడు వేగం మనిషి, ఇంకొకడు దమ్మున్నోడు. వేగం మనిషి 500 మీటర్లు 35.60 సెకన్లలో పోయినాడు, దమ్మున్నోడు 36.60. ఒక్క సెకనే కదా అనిపిస్తుంది. 5000లో వేగం మనిషికి 6 నిమిషాల 15 సెకన్లు, అంటే 375 సెకన్లు, పదితో భాగిస్తే 37.500. దమ్మున్నోడు 6 నిమిషాల 8 సెకన్లలో వచ్చి 36.800 తెచ్చుకున్నాడు. ఏడు సెకన్లు అంటే ట్రాక్ మీద దగ్గర దగ్గర తొంభై మీటర్ల దూరం, అంత దూరం ముందు వచ్చినా మొదటి రోజు ముగిసేసరికి 73.100, 73.400. ఇంకా వేగం మనిషిదే పైచేయి! మరుసటి రోజు 1500లో ఒకడు 1:45.00, ఇంకొకడు 1:45.60. మూడుతో భాగిస్తే 35.000, 35.200. మొత్తం 108.100, 108.600. తేడా 0.500. దాన్ని ఇరవైతో గుణించు, పది సెకన్లు. ఆఖరి 10000లో దమ్మున్నోడు పది సెకన్ల కన్నా ఎక్కువ తేడాతో గెలవాల. ట్రాక్ ఒక చుట్టును లాప్ అంటారు. ఇరవైఐదు లాప్‌లకు పంచితే లాప్‌కు 0.4 సెకను. ఇంగ నువ్వు చూడాల్సింది ఆ 0.4 ఒక్కటే. ఎదుటోడు లాప్ 31.0లో పోతాంటే మనోడు 30.6 లోపలే ఉండాల. ఒక లాప్ 30.9 పడిందంటే ఆ బాకీ తర్వాతి లాప్‌లలో తీర్చుకోవాల.

500లో ఒక్క సెకను పోతే 1500లో మూడు, 5000లో పది, 10000లో ఇరవై సెకన్లు సంపాదిస్తేనే సమానమవుతాడు. ఆడవాళ్లకైతే 3000లో ఆరు సెకన్లు. అందుకే 500లో కింద పడినోడి కత దాదాపు ముగిసినట్టే. పడి, లేసి, మళ్లీ వేగం అందుకునే లోపల ఎన్ని సెకన్లు పోతాయో చూడు, దాన్ని ఇరవైతో గుణించు, నీకే తెలుస్తుంది. ఇంకొకటి, పోయేది ఇద్దరిద్దరు జంటగా. జంటలో ఒక తప్పు స్టార్ట్ అయితే, అంటే పిస్తోలు పేలకముందే ఎవరన్నా కదిలితే, వదిలేస్తారు. ఆ తర్వాత ఆ జంటలో ఎవరు కదిలినా బయటికే. మొదటి తప్పు ఎవరిదైనా సరే. దానికి భయపడి రెండోసారి పిస్తోలు పేలేదాకా బిగబట్టుకొని నిలబడతారు, అక్కడ పదో వంతు సెకను పోతుంది.

ఈ లెక్క మొదట్నుంచీ లేదు. 1893లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మగవాళ్లకు మొదటి అధికారిక పోటీ పెట్టినారు, గెలిచింది నెదర్లాండ్స్ మనిషి యాప్ ఈడెన్. అప్పుడు నాలుగింట్లో మూడు దూరాలు గెలిస్తేనే చాంపియన్, లేకుంటే ఆ ఏడాది పట్టం ఎవరికీ లేదు. 1894లో అట్లనే ఖాళీగా పోయింది. పాయింట్లు వచ్చినాక కూడా మూడు గెలిచినోడికే ముందు పట్టం అనే నిబంధన చాన్నాళ్లు ఉండిపోయింది. 1983లో ఓస్లోలో పాయింట్ల లెక్కలో స్వీడన్ మనిషి టోమస్ గుస్తాఫ్సన్ ముందున్నా, మూడు దూరాలు గెలిచినాడని నార్వే మనిషి రోల్ఫ్ ఫాల్క్-లార్సెన్‌కు పట్టం ఇచ్చినారు. ఆ గొడవ తర్వాత నిబంధన తీసేసినారు. నన్నడిగితే తీసేసిందే న్యాయం. ఆడవాళ్ల పోటీ 1936లో స్టాక్‌హోంలో మొదలైంది. ఇద్దరికీ ఒకే చోట, ఒకేసారి పెట్టడం 1996లో జర్మనీలోని ఇంజెల్ నుంచి. 2020 నుంచి రెండేళ్లకోసారే పెడుతున్నారు.

ట్రాక్ గురించి అడిగినావు. చుట్టు 400 మీటర్లు, రెండు లేన్లు, ఎడమ చేతి వైపు తిరగడమే. ఒకసారికి ఇద్దరు పోతారు, ఒకరికి తెల్ల పట్టీ, ఒకరికి ఎర్ర పట్టీ చేతికి కట్టుంటుంది. లోపలి మలుపు పొట్టిది, బయటిది పొడుగు. అందుకే ప్రతి లాప్‌లో ఎదుటి వైపు తిన్నటి దారిలో ఇద్దరూ లేన్లు మార్చుకుంటారు, లెక్క సమానమవుతుంది. గొడవంతా ఆ మార్చుకునే తావులోనే. ఇద్దరూ ఒకేసారి అక్కడికి వస్తే బయటి లేన్ నుంచి లోపలికి వచ్చేవాడికి దారి ఇవ్వాల. లోపలి నుంచి బయటికి పోయేవాడే తగ్గాల, గుద్దుకుంటే తప్పు వాడిదే. ఒక్కోసారి తగ్గాల్సినోడు తెలివిగా ఎదుటోడి వెనకే దూరి, గాలి తగలకుండా కొన్ని అడుగులు పోయి, అప్పుడు బయటికి తిరుగుతాడు. నష్టం లాభమవుతుంది.

లేన్ మారడం మరిస్తే పోటీ నుంచి తీసేస్తారు. 2010 వాంకోవర్ ఒలింపిక్స్ 10000లో నెదర్లాండ్స్ మనిషి స్వెన్ క్రామర్‌కు బంగారం చేతికి వచ్చేసిందనుకున్నారు. ఎనిమిది లాప్‌లు మిగిలుండగా కోచ్ తప్పు లేన్ చూపించినాడు, క్రామర్ ఆయన్ను నమ్మి తిరిగినాడు, పోయింది. బంగారం కొరియా మనిషి లీ సియుంగ్-హూన్‌కు. అట్లాంటి క్రామర్‌కే మగవాళ్ల ఆల్‌రౌండ్ పట్టాలు తొమ్మిది ఉన్నాయి, అంతకు మించి ఎవరికీ లేవు. ఆడవాళ్లలో జర్మనీ గుండా నీమాన్‌వి ఎనిమిది, నెదర్లాండ్స్ ఐరీన్ వూస్ట్‌వి ఏడు.

కోచ్ బోర్డు పట్టుకొని వంగి అరుస్తాంటాడే, ఆ బోర్డు మీద ఉండేది లాప్ కాలం. 10000లో మంచి ఆటగాడు వేగం అందుకున్నాక రెండో లాప్ ఎంతలో పోతాడో ఇరవయ్యో లాప్ కూడా దాదాపు అంతలోనే పోతాడు. కుర్రోళ్లు చేసే పని వేరే. ఒళ్లు తేలిగ్గా ఉందని మొదటి ఐదు లాప్‌లు 29లో లాగేస్తారు, పదిహేను దాటినాక తొడలు మండి నడుము పైకి లేస్తుంది. నడుము లేసిందంటే గాలి మొత్తం ఛాతీకి తగులుతుంది. ఈ ఆటలో అడ్డుపడేది ఎక్కువ గాలే, మంచు రాపిడి కొంచెమే. కాబట్టి ఎవరు అలిసిపోతున్నారో తెలియాలంటే వీపు చూడు. బల్ల మాదిరి ఉన్నంతసేపూ దిగుల్లేదు. తిన్నటి దారిలో చేతులు వెనక్కి కట్టుకునేది కూడా ఇందుకే. అలిసినోడు ఒక చెయ్యి విడిచి ఊపుతాడు.

గాలి పలచగా ఉండే ఎత్తు ఊర్లలో కాలాలు తగ్గేది కూడా అందుకే. సాల్ట్ లేక్ సిటీ ట్రాక్ 1425 మీటర్ల ఎత్తులో ఉంది, మన హార్స్‌లీ కొండ కన్నా పైన. నెదర్లాండ్స్ హీరెన్‌వీన్ దాదాపు సముద్ర మట్టంలోనే ఉంటుంది. రెండు ఊర్ల కాలాలను పక్కపక్కన పెట్టి ఎవడు గొప్పని వాదించొద్దు, అది తెలియనోళ్ల పని.

స్కేట్ మడమ దగ్గర ఊడిపోయినట్టు కనిపించిందని రాసినావు. ఊడలేదప్పా, అది క్లాప్ స్కేట్. బ్లేడుకు ముందు భాగంలోనే తలుపుకుండే మాదిరి మడత బందు ఉంటుంది, మడమ వైపు వదులు. అడుగు చివర్లో మడమ పైకి లేసినా బ్లేడు మంచు మీదనే ఉంటుంది, తర్వాత స్ప్రింగు దాన్ని లాగితే టప్పుమని హవాయి చెప్పు కొట్టినట్టు కొడుతుంది. పాత స్కేటులో మడమ లేపితే బ్లేడు ముక్కు మంచులో గుచ్చుకునేది, అందుకని చీలమండ చాపకుండానే తోయాల్సి వచ్చేది. ఇప్పుడు కాలు పూర్తిగా చాపొచ్చు. దీన్ని తయారు చేసింది ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రియే విశ్వవిద్యాలయంలో. 1996-97లో నెదర్లాండ్స్ ఆడవాళ్లు వేసుకుని గెలవడం మొదలుపెట్టినాక, 1998 నాగానో ఒలింపిక్స్ నాటికి అందరికీ అదే దిక్కయింది. స్ప్రింగు తెగితే మాత్రం బ్లేడు వేలాడి పందెం పోతుంది. అందుకే పోటీకి ముందు స్ప్రింగు, బందు మరలు రెండూ చేత్తో కదిలించి చూస్తారు.

పదును పెట్టడం చూస్తే నీకు నచ్చుతుంది. రెండు స్కేట్లనూ తలకిందులుగా ఒక చట్రంలో బిగిస్తారు, రెండు బ్లేడులూ పక్కపక్కన ఒకే ఎత్తులో ఉండాల. పైన సానరాయి అడ్డంగా పెట్టి రెంటి మీదా కలిపి ఒకే ఒత్తిడితో రుద్దుతారు. బ్లేడు మందం మిల్లీమీటరు చిల్లర. అడుగు చదునుగా ఉండి, రెండు అంచులూ నిలువుగా నిలబడాల. రుద్దినప్పుడు అంచు పక్కకు సన్నని రేకు లేస్తుంది, దాన్ని చిన్న రాయితో బ్లేడు పక్కన ఆనించి తీసెయ్యాల. ఈ ఆఖరి పనిలోనే తొందర పడతారు. రేకు మిగిలితే వేలికి పదునుగానే తగులుతుంది, కానీ మలుపులో వంగి ఒత్తిడి పెట్టగానే రేకు మడతపడి బ్లేడు జారిపోతుంది. బ్లేడును గోటి మీద మెల్లగా లాగి చూడు, పదునైతే గోటి పొడి లేస్తుంది, జారితే పదును లేదు. బ్లేడు అడుగు తిన్నగా ఉండదు, ఇరవై మీటర్లకు పైబడిన వ్యాసార్థంలో చాలా కొంచెం వంపుంటుంది. అడ్డదిడ్డంగా రుద్దితే ఆ వంపు పోతుంది, మళ్లీ తెప్పించడం నిపుణుల పని.

మంచు సున్నాకు అయిదారు డిగ్రీల కింద ఉంటే బాగా జారుతుంది. మరీ చల్లబడితే బ్లేడు గీరుకుంటుంది, మరీ వెచ్చబడితే దిగబడుతుంది.

ఇంగ మీ పాప విషయం. చక్రాల స్కేట్లు నేర్చుకుంటోందని, దీనికి దానికి ఏమన్నా సంబంధం ఉందా అని అడిగినావు. బలంగా ఉంది. అమెరికా మనిషి చాడ్ హెడ్రిక్ చక్రాల మీద ప్రపంచ చాంపియన్, తర్వాత మంచుకు మారి 2004లో ఈ ఆల్‌రౌండ్ పట్టమే గెలిచినాడు. బెల్జియం బార్ట్ స్వింగ్స్ కూడా చక్రాల నుంచి వచ్చినోడే. మన దగ్గర చక్రాలే బలం. 2025లో చైనాలో ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ చక్రాల ప్రపంచ పోటీలో 1000 మీటర్ల బంగారం తెచ్చినాడు. కాబట్టి మంచు లేదని దిగులు పడొద్దు.

పాపకు ఇప్పుడే అలవాటు చేయించాల్సింది ఒకటుంది. పిల్లలు కాలును వెనక్కి తోస్తారు, నడిచే అలవాటు అది. చక్రం కొంతవరకు క్షమిస్తుంది, మంచు క్షమించదు, వెనక్కి తోస్తే బ్లేడు జారి కాలు ఊరికే పోతుంది. తోయాల్సింది పక్కకు. ఇంట్లో అద్దం ముందు స్కేట్లు లేకుండా నిలబడమను. మోకాళ్లు బాగా వంచి, వీపు చదునుగా పెట్టి, ఒక కాలు మీద బరువుంచి రెండోది నేరుగా పక్కకు చాపి, మళ్లీ లోపలికి తెచ్చుకోవాల. ముక్కు, మోకాలు, కాలి బొటనవేలు ఒకే గీతలో ఉన్నాయా అని నువ్వు ఎదురుగా నిలబడి చూడు. ముప్పై సెకన్లు ఒక విడత, మూడు విడతలు చాలు. మోకాలు లోపలికి వాలుతోందంటే అలిసిపోయిందని, ఆపించెయ్. బలవంతం చేస్తే తప్పు అలవాటే గట్టిపడుతుంది.

ఈసారి పోటీ చూసేటప్పుడు పాపను పక్కన కూచోబెట్టుకో, భాగహారం దాన్నే చెయ్యమను. మూడు దూరాలు అయినాక ఎనిమిది మంది పాయింట్లూ రాసిపెట్టుకొని నాకు ఫోన్ చెయ్యండి, ఎవరికి లాప్‌కు ఎంత కావాలో పందెం మొదలయ్యే లోపలే కట్టేద్దాం.

నీ,
సుధాకర్