నా గుండెని ఆపితే పాతదైపోయిందా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ ఆరోగ్య పేజీలో గుండెని ఆపకుండా, కొట్టుకుంటుండగానే చేసే బైపాస్ 'అత్యాధునికం' అంటూ వచ్చిన వ్యాసం చదివి నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఇక నా వల్ల కాలేదు. మూడేళ్ల కిందట నాకు గుండె ఆపి, గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్-లంగ్ మెషీన్ మీద పెట్టి, కాలి రక్తనాళం తీసి మూడు గ్రాఫ్టులు (రక్తానికి పక్కదారులు) వేశారు. రోజూ నాలుగు కిలోమీటర్లు నడుస్తున్నాను. మీ పుణ్యమా అని మా వదిన ఫోన్ చేసి "అయ్యో, మీకు ఆ పాత పద్ధతిలో చేశారా మరిదిగారూ!" అంది. ఆపరేషన్ అయిన రోజున కూడా ఆ గొంతులో అంత జాలి లేదు.

ఏది పాత, ఏది కొత్త? కొలెసోవ్ అనే రష్యన్ సర్జన్ 1964లోనే మెషీన్ లేకుండా, కొట్టుకుంటున్న గుండెకే బైపాస్ చేశాడు. అరవై ఏళ్ల నాటి సంగతి మీకు 'అత్యాధునికం'!

ఫలితాలైనా చూడొద్దా? అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో బైపాస్ చేయించుకున్న 2,203 మందిని లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేసి ఐదేళ్లు గమనించారు. మెషీన్ వాడనివాళ్లలో 15.2 శాతం, వాడినవాళ్లలో 11.9 శాతం చనిపోయారు. మన దేశంతో కలిపి 19 దేశాల్లో 4,752 మంది మీద జరిగిన మరో అధ్యయనంలో ఐదేళ్లకి చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మెషీన్ లేకపోతే రక్తం ఎక్కించడం తగ్గుతుంది, నిజమే. బృహద్ధమనిలో, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళంలో, సున్నం పేరుకున్నవాళ్లకి అదే మేలు కావచ్చు. కానీ కదిలే గుండె మీద రెండు మిల్లీమీటర్ల రక్తనాళానికి కుట్టు వెయ్యడం అందరి చేతా అయ్యే పని కాదు. ఆ సర్జన్ అలాంటివి ఎన్ని చేశాడన్నది ముఖ్యం. ఆ ఒక్క ముక్కా మీ వ్యాసంలో లేదు. డాక్టర్ గారి నవ్వుముఖం, ఆసుపత్రి ఫోన్ నంబరు మాత్రం ఉన్నాయి. దాన్ని వ్యాసం అంటారా, ప్రకటన అంటారా?

డాక్టర్లు ప్రచారం చేసుకోకూడదని 2002 నాటి వైద్య మండలి నిబంధనలున్నాయి. మా బస్టాండుకి కప్పు లేదు గానీ ఎదురుగా డాక్టర్ల హోర్డింగుకి రాత్రంతా లైట్లు. అడిగే అధికారి ఎవరు? నాతో సంతకం పెట్టించుకున్న కాగితాలు కూడా అన్నీ ఇంగ్లీషే. ఏ పద్ధతిలో చేస్తారో, ఎందుకో తెలుగులో చెప్పినవాళ్లు లేరు.

ఈ ఉత్తరం వేస్తే కత్తిరించి మా వదినకి పంపుతాను. వెయ్యకపోతే ఆవిడ జాలి ఇంకొన్నాళ్లు భరించాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి