పానగల్లు పిల్ల చెయ్యి, నీ క్యాచర్ చెయ్యి

నల్లగొండ,
ఆదివారం రాత్రి

దోస్తూ,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది, నిన్ను అడిగానని రాయమంది. మిగతా ముచ్చట్లు ఫోన్‌లో చెప్పుకుందాం, ముందు నీ సాఫ్ట్‌బాల్ క్యాచర్, అదే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే పిల్ల సంగతి. ఆ అమ్మాయి చెయ్యి పక్కనుంచి తిప్పి విసురుతోందని, వనపర్తిలో చూసినవాళ్లంతా మాన్పించమంటున్నారని రాశావు. మాన్పించకు. కనీసం ఈ ఉత్తరం చదవడం అయ్యేదాకా ఆ పిల్ల చెయ్యి జోలికి పోకు.

పోయినేడు నేను ఆ పనే చేశాను. పానగల్లు నుంచి ఏడో తరగతి పిల్ల ఒకతె ప్రాక్టీసుకు వచ్చేది. బంతి ఎంత వేగంగా వచ్చినా కళ్లు మూసుకునేది కాదు, క్యాచర్‌గా కూర్చోబెట్టాను. విసిరేటప్పుడు మాత్రం చెయ్యి తల పక్కనుంచి కాకుండా నడుం పక్కనుంచి వచ్చేది. మనం వ్యాయామ టీచర్ల కోర్సు బీపీఎడ్‌లో నేర్చుకున్నది నీకు గుర్తుందిగా. మోచెయ్యి ఎత్తు, గ్లవ్ చెయ్యి ముందుకు చాపు, బంతిని వెనక నుంచి పెద్దగా తిప్పి పైనుంచి వదులు. మూడు వారాలు అదే రుద్దాను. బంతి సెకండ్ బేస్ మీద తాటిచెట్టంత ఎత్తున పోయి దాని వెనక దూరంగా నిలబడే సెంటర్ ఫీల్డర్ దగ్గర పడేది. నాలుగో వారం మోచెయ్యి లోపలి వైపు పట్టుకుని, "ఇక్కడ గుంజుతుంది సార్" అని కూర్చుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ వయసులో ఎముకల చివర్లు ఇంకా పెరుగుతుంటాయి, గట్టిపడి ఉండవు. డాక్టరుకు చూపించి, ఆయన సరేననేదాకా బంతి ముట్టనివ్వలేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఉదయసముద్రం కట్ట మీద కనబడింది. వాళ్ల తమ్ముడు నీళ్ల మీద పెంకులు విసురుతున్నాడు. మొదటి ఎగురుకే మునిగిపోతున్నాయి. ఈమె కట్ట మీదే కూర్చుని, "చెయ్యి కాదురా, నడుం తిప్పు. కొంచెం పక్కకు వంగు" అని చెబుతోంది. వాడు వంగి, నడుం తిప్పి విసిరాడు. పెంకు నాలుగుసార్లు ఎగిరింది. నేను మూడు వారాలు వెతికి పట్టుకోలేనిది ఆ పిల్ల రెండు మాటల్లో చెప్పేసింది.

ఇంటికొచ్చి ఆమె పాత వీడియోలు ఫోన్‌లో స్లో మోషన్‌లో చూశాను. ముందు కాలు నేల తాకిన క్షణం దగ్గర ఆపి చూడు, నీకూ తెలుస్తుంది. చెయ్యి కిందికి ఉన్నట్టే కనిపిస్తుంది కానీ వంగింది నడుం. రెండు భుజాలనూ కలుపుతూ ఒక గీత గీస్తే మోచెయ్యి ఆ గీత మీదే ఉంది. అంటే భుజం లెక్కలో మోచెయ్యి సరైన ఎత్తులోనే ఉందన్నమాట. మనిషి మొత్తం ఒరిగింది కాబట్టి చెయ్యి అడ్డంగా వస్తోంది. నేను చేసింది నడుం నిటారుగా పెట్టించి, చెయ్యి ఒక్కదానితో విసిరించడం. నీ పిల్లకు కూడా ముందు ఆ గీత గీసి చూడు. మోచెయ్యి గీత మీద ఉంటే వదిలెయ్యి. గీత కన్నా కిందికి జారితే మాత్రం సరిచెయ్యాల్సిందే, అప్పుడు భారమంతా మోచేతి మీదే పడుతుంది.

చెయ్యి పక్కనుంచి తిప్పి వేసే క్రికెట్ బౌలర్ మలింగను ఉదాహరణగా రాశావు. అది మనకు పనికిరాదురా. బౌలింగ్‌లో మోచెయ్యి మరీ వంచి చాపితే తప్పు, మన సాఫ్ట్‌బాల్‌లో వంచి చాపకపోతే బంతే పోదు.

ఇక టైము సంగతి. ఫస్ట్ బేస్ మీదున్న రన్నర్ సెకండ్‌కు పరుగు తీస్తే, ఆమెకన్నా ముందు క్యాచర్ బంతిని అక్కడికి చేర్చాలి. క్యాచర్ కూర్చునే హోమ్ నుంచి సెకండ్ బేస్‌కు 84 అడుగుల 10 అంగుళాలు. బ్యాటర్‌కు బంతి వేసే పిచర్ చేతిలోంచి బంతి వదిలాకే రన్నర్ బేస్ వదలాలి. ఆమె 60 అడుగులు పరుగెత్తడానికి మూడు సెకన్లు, మూడున్నర సెకన్లు పడుతుంది. అందులో బంతి క్యాచర్‌ను చేరేసరికే ముప్పావు సెకను పోతుంది. మిగిలినదాంట్లో క్యాచర్ పట్టాలి, లేవాలి, విసరాలి, అక్కడివాళ్లు ట్యాగ్ చెయ్యాలి, అంటే బంతితో రన్నర్‌ను తాకి ఔట్ చెయ్యాలి. చెయ్యి వెనక పెద్ద చక్రం తిప్పేంత తీరిక ఎక్కడిది? అందుకే చెయ్యి పొట్టిగా తిప్పడమే మేలు. బంతి గ్లవ్‌లో పడగానే గ్లవ్‌ను కుడి చెవి దగ్గరికి లాగేసుకోవాలి, అక్కడే వేళ్లు బంతిని అందుకోవాలి. పొట్ట ముందు వెతుక్కుంటే బేస్ పోయినట్టే. బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, ఆ పిల్లల వేళ్లకు అది పెద్దది. మూడు వేళ్లు కుట్టు మీద అడ్డంగా, బొటనవేలు కింద. అరచేతికి ఆనించి పట్టుకుంటే బంతి తేలిపోతుంది. మొదట్లో 11 అంగుళాల బంతితో చేయించు.

నేను ఎక్కువ రోజులు కష్టపడింది కాళ్ల మీద. ఎగిరి గాలిలో తిరగడం పెద్ద ఆటగాళ్లకు బాగుంటుంది, చిన్నపిల్లలు ఎగిరితే నిటారుగా లేచి నిలబడిపోతారు. నేల మీద సున్నంతో గీత వేసి, కుడికాలు పొట్టిగా ముందుకు, పాదం అడ్డంగా పెట్టించాను. ఆ వెంటనే ఎడమకాలు నేరుగా సెకండ్ వైపు. తల మాత్రం కూర్చున్న ఎత్తు నుంచి పెద్దగా పైకి లేవకూడదు. సెకండ్ బేస్ దగ్గర కర్రకు గోనెసంచి వేలాడదీశాం, నేలకు జానెడు ఎత్తులో. సంచికి బంతి తగిలిన చప్పుడు వినబడితేనే లెక్క. రోజుకు కొన్నే విసిరేది, తర్వాత అందరం గుడాలు తిని ఇళ్లకు పోయేవాళ్లం. రెండు నెలల్లో గ్లవ్ చప్పుడు నుంచి సంచి చప్పుడుదాకా 2.7 సెకన్లున్నది 2.3కి వచ్చింది. చెయ్యి మాత్రం ఆమె చెయ్యే, నేను ముట్టుకోలేదు.

పక్కనుంచి విసిరితే ఇబ్బంది లేదని అనను. బంతి చివర్లో కుడివైపు, అంటే ఫస్ట్ బేస్ వైపు జరుగుతుంది. రన్నర్ వచ్చేది కూడా అటునుంచే కాబట్టి కొంచెం జరిగితే ట్యాగ్‌కు మంచిదే, ఎక్కువైతే బంతి రన్నర్‌కు తగిలి దొర్లిపోతుంది. అందుకని బేస్ ఎడమ అంచుకు గురి పెట్టిస్తాను. ఎడమచేతి బ్యాటర్ నిలబడినప్పుడు ఆమె సరిగ్గా ఈ పిల్ల చెయ్యి వచ్చే దారిలోనే ఉంటుంది. అప్పుడు కుడికాలు ఇంకో అరడుగు ముందుకు వేసి విసరాలి. ఇది విడిగా ప్రాక్టీసు చేయించు, మ్యాచ్‌లో చెబితే టెన్షన్ పడతారు.

మోకాళ్ల మీద నుంచే విసరడం గురించీ అడిగావు. అమెరికా బేస్‌బాల్‌లో బెనిటో శాంటియాగో అనే క్యాచర్ అలా విసిరే పేరు తెచ్చుకున్నాడు, 1987లో కొత్త ఆటగాళ్లకిచ్చే రూకీ అవార్డు కూడా వచ్చింది. లేచే టైము మిగులుతుంది, నిజమే. కానీ కాళ్లు పనిచెయ్యవు, బరువంతా భుజం మీదే. మన పిల్లలకు సెకండ్ బేస్‌కు అది వద్దు. ఫస్ట్ బేస్ రన్నర్ ఆదమరిచి దూరంగా నిలబడితే 60 అడుగులే కాబట్టి అప్పుడప్పుడు విసరనివ్వచ్చు.

నీ క్యాచర్ వీడియో పంపు. ఒకటి పక్కనుంచి, ఒకటి వెనక నుంచి, రెండూ స్లో మోషన్‌లో. చెయ్యి నొప్పి ఉందా అని నువ్వు అడిగితే లేదనే అంటుంది, టీమ్‌లోంచి తీసేస్తావని భయం. వాళ్ల అమ్మను అడిగి రాయి.

నీ దోస్తు