అమ్మాయికి, కారు బుక్ చేసే ముందు

తిరుపతి

చి.ల.సౌ. అమ్మాయికి నాన్న దీవించి రాయునది. ఇక్కడ మేమిద్దరం కులాసా. అల్లుడు గారికి, బుజ్జిగాడికి మా ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన కార్ల లింకులన్నీ చూశాను. ఫోన్‌లో చెబితే బ్యాంకు హడావిడిలో సగమే వింటావు. కాగితం మీద ఉంటే మీరిద్దరూ సాయంత్రం తీరిగ్గా చదువుకోవచ్చని రాస్తున్నాను.

ఆన్‌లైన్‌లో కొనడం మంచి ఆలోచనే. పక్కన నిలబడి తొందరపెట్టేవాళ్లు ఉండరు, నాలుగు బండ్లు పోల్చి చూసుకోవచ్చు. కానీ ఆ లింకుల్లో పెద్ద అక్షరాల్లో కనిపించే ధర, మైలేజీ రెండూ ఇంకా నీ కారువి కావు. నీ ధర చిత్తూరులో రిజిస్ట్రేషన్ అయ్యాక తేలుతుంది. నీ మైలేజీ నీ రోడ్డు మీద తేలుతుంది. కాబట్టి బండి ఎక్కడెక్కడ తిరుగుతుందో ముందు రాసుకో. ఏ కారు కొనాలన్నది ఆ తర్వాత.

నాకు తెలిసినంతలో మీ తిరుగుడు ఇది. రోజూ ఇంటి నుంచి బ్యాంకుకి, గాంధీ విగ్రహం దగ్గర ఆగుతూ కదులుతూ. ఆదివారాలు చిత్తూరు నుంచి ఇక్కడికి, రానుపోను నూట నలభై కిలోమీటర్లు. అప్పుడప్పుడు కొండకి, పలమనేరులో మీ అత్తగారింటికి వెళ్లేటప్పుడు మొగిలి ఘాట్. అంతా కలిపి నెలకు ఎనిమిది వందల కిలోమీటర్లు అనుకుందాం.

లీటరుకు 20 ఇచ్చే బండికి నెలకు 40 లీటర్లు పడుతుంది. 24 ఇచ్చేదానికి 33 లీటర్ల చిల్లర. తేడా ఏడు లీటర్లు కూడా లేదు. మన దగ్గర పెట్రోలు నూట పది చుట్టుపక్కల ఉందనుకుంటే నెలకు ఏడు వందల పైచిలుకు. ఏడాదికి తొమ్మిది వేలు దాటదు. ఆ నాలుగు కిలోమీటర్ల కోసం లక్ష ఎక్కువ పెడితే అది తిరిగి రావడానికి పదకొండేళ్లు పైనే పడుతుంది. సీఎన్‌జీ సంగతీ ఇంతే. కొనేటప్పుడే తొంభై వేల దాకా ఎక్కువ, డిక్కీలో సిలిండరు కూర్చుంటుంది, మూడేళ్లకోసారి దానికి టెస్టింగ్ చేయించాలి. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకి అది లాభం. పిల్లవాడి సామానుతో కొండెక్కే నీకు పెట్రోలు బండే నయం.

ఇక ఆ రాసిన మైలేజీ. ఆల్టో కె10 మాన్యువల్‌కి 24.39 అని, వ్యాగన్ఆర్ చిన్న ఇంజిన్‌కి 24.35 అని, సెలేరియోకి 25 పైనే అని ఉంటుంది. అవి అబద్ధం కాదు. ఏఆర్‌ఏఐ లాంటి పరీక్షా సంస్థల్లో బండిని రోలర్ల మీద పెట్టి, ఏసీ లేకుండా, ఒక పద్ధతి ప్రకారం నడిపి తీసిన లెక్క. ఒక బండిని ఇంకో బండితో పోల్చడానికి అది పనికొస్తుంది. నీకు అంతే వస్తుందని మాత్రం అనుకోవద్దు. మే నెల ఎండలో ఏసీ వేసుకుని చిత్తూరు ఊళ్లో తిరిగితే 16, 17 వచ్చినా కంగారుపడకు.

మిగతాది కాలి కింద ఉంటుంది. నేను ఘాట్ డ్యూటీ చేసిన రోజుల్లో డిపోలో కేఎంపీఎల్ బోర్డు ఉండేది. ఎవరి చేతిలో బండి లీటరుకు ఎంత ఇచ్చిందో అందరికీ కనబడేది. అదే బస్సు, అదే కొండ, డ్రైవరు మారితే లెక్క మారేది. నువ్వు కారు నేర్చుకున్నప్పుడు దూరంగా సిగ్నల్ కనబడగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసెయ్యమని నేను పోరింది ఇందుకే. చివరి దాకా తొక్కుకుంటూ వెళ్లి బ్రేకు కొడితే, ఆ పెట్రోలంతా బ్రేకుల్లో వేడిగా పోతుంది. టైర్లలో గాలి కూడా అంతే ముఖ్యం. ఎంత ఉండాలో డ్రైవరు డోరు తీస్తే ఫ్రేము మీద స్టిక్కరుంటుంది. బంకులో కుర్రాడు ముప్పై ఐదు కొట్టేస్తానంటే ఒప్పుకోకు, స్టిక్కరు చూసి చెప్పు.

ఒక్క విషయం మాత్రం నీకూ అల్లుడు గారికీ గట్టిగా చెప్పాలి. కొండ దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని బండిని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లు, ఇంకా ఘోరంగా ఇంజిన్ ఆపేసేవాళ్లు ఉన్నారు. అలిపిరి వైపు మలుపుల్లో బ్రేకు లైనర్లు కాలిన వాసన వస్తుంటే నాకు ఒళ్లు మండేది. ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్టర్లు పెట్రోలు పోయడమే ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఉంటే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి కొంచెం కొంచెం పోస్తూనే ఉంటాయి. అంటే గేరులో దిగితేనే ఖర్చు తక్కువ, పైగా ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. ఇంజిన్ ఆపేస్తే నాలుగు సార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. రెండో గేరులో నెమ్మదిగా దిగండి. ఎలాగూ దిగడానికి నలభై నిమిషాల కంటే ముందు కిందికి రాకూడదని నిబంధన ఉంది కదా, తొందరపడి సాధించేదేమీ లేదు. ఆటోమేటిక్ తీసుకుంటే, దాంట్లో మాన్యువల్ మోడ్ ఉంటుంది, ఘాట్‌లో దాన్నే వాడాలి.

మైలేజీ కంటే ముందు చూడాల్సింది భద్రత. 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు కార్లను గుద్దించి చూసే పరీక్షలో ఆల్టో కె10కి రెండు స్టార్లు, వ్యాగన్ఆర్‌కి ఒకటి వచ్చాయి. అవి రెండు ఎయిర్‌బ్యాగుల కాలం నాటి బండ్లు. ఇప్పుడు ఆరు వస్తున్నాయి, అది మంచిదే. కానీ స్టార్లు ఎయిర్‌బ్యాగుల మీదే రావు, బాడీ గట్టితనం కూడా చూస్తారు. టియాగోకి 2020లో, అప్పటి పాత పద్ధతి పరీక్షలో, నాలుగు స్టార్లు వచ్చాయి. నువ్వు పంపినవాటిలో నా మనసు దాని మీదికే పోతోంది, మైలేజీ కొంత తక్కువైనా సరే. ఏది తీసుకున్నా వెనక సీటులో ఐసోఫిక్స్ (చైల్డ్ సీటు బిగించే కొక్కేలు) ఉందో లేదో చూసి, బుజ్జిగాడికి చైల్డ్ సీటు కొను. అది నేను కొనిస్తాను.

ధర దగ్గరికి వస్తే, సైటులో పెద్దగా రాసేది ఎక్స్‌షోరూమ్. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. పాత వీడియోల్లో చెప్పే రేట్లతో పోల్చుకుని అయోమయపడకు. ఆ ఎక్స్‌షోరూమ్ ధర మీద మన లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్ పడతాయి. (ఇప్పుడు అలిపిరి టోల్‌గేట్ దగ్గర కూడా ఫాస్టాగ్ లేనిదే పైకి వదలరు.) నువ్వు చెన్నై డీలరు ఇరవై వేలు తగ్గిస్తున్నాడన్నావు. సైటులో ఊరు చెన్నై అని పెడితే అక్కడి ట్యాక్స్‌తో ఆన్‌రోడ్ ధర, అంటే అన్నీ కలిపిన ధర, చూపిస్తుంది. మీరు ఉండేది చిత్తూరులో, బండి ఉండేదీ అక్కడే, రిజిస్ట్రేషన్ మన రాష్ట్రంలోనే కావాలి, లైఫ్ ట్యాక్స్ మన రాష్ట్రానిదే కట్టాలి. చెన్నైలో టెంపరరీ నంబరు తీసుకుని, బండి తెచ్చుకుని, మన ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరిగేసరికి ఆ ఇరవై వేలలో ఎంత మిగులుతుందో లెక్క వేసుకో. ఇక్కడి డీలరుకి ఆ కొటేషన్ చూపిస్తే అతనే కొంత తగ్గిస్తాడు.

కొటేషన్‌లో ప్రతి లైనూ విడివిడిగా రాసివ్వమను. హ్యాండ్లింగ్ చార్జీలని ఒక లైను ఉంటే ఎందుకని అడుగు, తీసేయించు. మ్యాట్లు, మడ్‌ఫ్లాప్‌ల కిట్టు తప్పనిసరి అంటే ఒప్పుకోవద్దు. ఇన్సూరెన్స్ డీలరు దగ్గరే తీసుకోవాలని ఏ రూలూ లేదు. కొత్త కారుకి థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) మూడేళ్లకి కలిపి కట్టాలి. మన బండి డ్యామేజీకి ఏడాదికోసారి తీసుకోవచ్చు. అదే ఐడీవీకి (బీమాలో బండికి కట్టిన విలువ), అదే జీరో డెప్‌కి (విడిభాగాల అరుగుదల కింద కోత పెట్టని పాలసీ) బయట రెండు చోట్ల రేటు చూసి, అప్పుడు డీలరుతో మాట్లాడు.

డబ్బు కట్టేటప్పుడు జాగ్రత్త. నాతో పనిచేసిన ఒకాయన కొడుకు కంపెనీ పేరులా కనబడే సైటులో బుకింగ్ డబ్బు కట్టి పోగొట్టుకున్నాడు. గూగుల్‌లో పైన వచ్చిన లింకు నొక్కకుండా, కంపెనీ సొంత యాప్‌లోకి వెళ్లి బుక్ చెయ్యి. క్యాన్సిల్ చేస్తే బుకింగ్ డబ్బు వెనక్కి వస్తుందో లేదో ముందే చదువు. మిగతా మొత్తం డీలర్‌షిప్ బ్యాంకు ఖాతాకే, సేల్స్ అబ్బాయి ఫోన్‌పేకి ఒక్క రూపాయి కూడా వద్దు. అదీ బండిని కళ్లతో చూశాకే.

చూడటం అంటే షోరూమ్‌లో మెరిసే బండిని కాదు. నీకు కేటాయించిన బండి ఛాసిస్ నంబరు అడిగి తీసుకుని, పట్టపగలు స్టాక్‌యార్డ్‌కి వెళ్లాలి. కాగితంలోని నంబరు, బండి మీద కొట్టిన నంబరు ఒకటేనా చూడాలి. తయారైన నెల, సంవత్సరం అడగాలి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, 2325 అంటే 2025లో ఇరవై మూడో వారం. స్టెప్నీతో సహా ఐదు టైర్లకీ చూడు. అది మరీ పాతదైతే బండి ఎండలో నిలబడి ఉన్నట్టే. పెయింటు మీద చెయ్యి పెట్టి నిమిరితే మళ్లీ రంగు వేసిన చోట గరుకు తెలుస్తుంది.

లోను సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. అయినా ఇంట్లో మాట కాబట్టి అంటున్నాను. ఐదు లక్షలకి 9 శాతం వడ్డీతో ఐదేళ్లయితే ఈఎంఐ 10,379, ఏడేళ్లయితే 8,045. నెలకు రెండు వేల మూడు వందలు తేలిగ్గా ఉంటుందని ఏడేళ్లు పెట్టుకుంటే వడ్డీ యాభై మూడు వేలు ఎక్కువ పోతుంది. ఆ ఏడేళ్లలో బుజ్జిగాడి స్కూలు ఫీజులు కూడా మొదలవుతాయి. ఐదేళ్లకే పెట్టుకోండి. అది బరువనిపిస్తే ఒక వేరియంట్ కిందికి దిగండి. అలాయ్ వీల్స్, పెద్ద స్క్రీను లేకపోతే నష్టమేం లేదు. అప్పటికీ చాలకపోతే నన్నడుగు, మొహమాటపడకు. నా రిటైర్‌మెంట్ డబ్బులో కొంత ఎఫ్‌డీలో అలాగే ఉంది.

కొటేషన్ రాగానే ఫొటో తీసి పంపు. స్టాక్‌యార్డ్‌కి వెళ్లే రోజు ముందే చెబితే పొద్దున బస్సెక్కి నేనూ వస్తాను. డెలివరీ రోజు కాణిపాకంలో పూజ చేయించాకే ఇంటికి తేవాలని మీ అమ్మ మరీ మరీ చెప్పమంది. నిమ్మకాయలు, కొబ్బరికాయ తనే తెస్తుందట.

ఆశీస్సులతో,
నాన్న