ఆ "కూడా" దగ్గరే నా పేచీ

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఖురాన్ మహిమల మీద రెండు పేజీల వ్యాసం వేశారు. రంజాన్ నెలలో ఆమాత్రం చోటిచ్చినందుకు సంతోషం. అయితే అందులో ఓ అంకె తిరగబడింది. మనుషులూ జిన్నులూ ఏకమైనా ఇలాంటి ఖురాన్‌ని తేలేరన్న సవాలు 88:17లో ఉందని అచ్చేశారు. అది 17:88, అంటే 17వ సూరా (అధ్యాయం), 88వ ఆయత్ (వాక్యం). మా మనవడు మీ పత్రిక పక్కన పెట్టుకుని ఫోనులో 88వ సూరా తీశాడు. "తాతా, సవాలేదీ? ఇక్కడ ఒంటె ఉంది" అన్నాడు. నిజమే. అక్కడున్నది "ఒంటెను ఎలా సృష్టించామో చూడరా" అన్న ఆయత్.

అంకెలు ఎవరికైనా తప్పుతాయి. ముప్పై రెండేళ్లు పదో తరగతి పేపర్లు దిద్దినవాణ్ణి, దానికి ఉత్తరం రాయను. నా బాధ వేరే. తల్లి గర్భంలో పిండం, ఇనుము, విశ్వం విస్తరించడం, "రోజు" అన్న మాట సరిగ్గా 365 సార్లు రావడం... వ్యాసమంతా ఇవే. చివర్లో ఒక్క వాక్యం: "ఖురాన్ భాష కూడా చాలా అందంగా ఉంటుంది." ఆ "కూడా" దగ్గర నాకు కాలింది. ముస్లిం పండితులు వెయ్యేళ్లకు పైగా ఏ చోట కూర్చుని కొట్లాడుకున్నారో, ఆ చోటంతా మీవాళ్లు రెండక్షరాల్లో సర్దేశారు.

మాది దూదేకుల ఇల్లు. మా నాన్న విల్లు భుజానేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడు, పరుపులు కుట్టేవాడు. ఇంట్లో పొద్దున లేస్తే తెలుగే, తిట్లతో సహా. మా ఊళ్లో పలక మీద అరబీ అక్షరాలు అలిఫ్, బే దిద్ది, అర్థం తెలియకుండానే చిన్న సూరాలు బట్టీ పట్టాను. తర్వాత తెలుగు పండితుణ్ణయి నన్నయ, తిక్కనలు పాఠం చెప్పుకుంటూ బతికాను. రిటైరయ్యాక మాత్రం మా మసీదు హజ్రత్ (మతగురువు) దగ్గర మూడేళ్లు కూర్చుని అరబీ వ్యాకరణం నేర్చుకున్నాను. పండితుణ్ణి కాను. కూడబలుక్కుని చదవగలను, అంతే.

మహిమకి మనవాళ్లు వాడే మాట మోజిజా. ఎదుటివాణ్ణి అశక్తుణ్ణి చేసేది అని దానర్థం. మా పక్కింటి ఖాలా "ఈ పిల్లల్తో ఆజిజ్ అయిపోయాను" అంటుంటుంది. అదే ధాతువు. ఖురాన్‌కి ఎవరూ సాటి తేలేకపోవడాన్ని ఇఅజాజ్ అన్నారు, అదీ అందులోంచి పుట్టిందే. విచిత్రమేమిటంటే ఖురాన్ తన సంగతి చెప్పేటప్పుడు మోజిజా అనదు, ఆయత్ అంటుంది. ఆయత్ అంటే సూచన. వాక్యాన్నీ ఆయత్ అనే అంటారు.

మక్కా వాళ్లు ప్రవక్తని మహిమలు అడగకపోలేదు. 17వ సూరాలోనే, ఆ సవాలుకి రెండు ఆయత్‌ల తర్వాత, ఆ జాబితా ఉంది: నేలలోంచి ఊట పుట్టించు, ఖర్జూరాలూ ద్రాక్షలూ ఉన్న తోట చూపించు, ఆకాశాన్ని ముక్కలుగా మా మీద పడెయ్యి, బంగారు ఇల్లు తెచ్చుకో, పైకెక్కి మేం చదువుకునే పుస్తకం దించు. జవాబు ఒక్కటే. నేను ప్రవక్తగా వచ్చిన మనిషిని తప్ప మరేమైనా అయ్యానా? 29వ సూరాలో ఇంకా సూటిగా ఉంది: వినిపిస్తున్న ఈ గ్రంథం వాళ్లకి చాలదా? చంద్రుడు చీలడం, ప్రవక్త వేళ్ల మధ్య నుంచి నీళ్లు రావడం లాంటి మహిమలు మా సంప్రదాయంలో లేవని కాదు. వాటిని ఆనాడు చూసినవాళ్లు చూశారు. మిగిలింది మాట.

ఈ సంగతిని 9వ శతాబ్దంలో బస్రా రచయిత జాహిజ్ ఓ పద్ధతిలో పెట్టాడు. మూసా (మోషే) కాలంలో గొప్ప విద్య మంత్రజాలం, అందుకని ఆయనకి పామయ్యే కర్ర. ఈసా (యేసు) కాలంలో వైద్యం, అందుకని రోగులు లేచి నడిచారు. అరబ్బుల గర్వమంతా నాలుక మీద, కాబట్టి వాళ్లకి మాటే వచ్చింది. ఏ బరిలో తమకి తిరుగులేదనుకున్నారో అదే బరిలో సవాలు. ఇలాంటివి పది సూరాలు తెమ్మంది ఖురాన్ ఓచోట, ఒక్కటి చాలంది ఇంకోచోట. అన్నిటికన్నా చిన్నది కౌసర్ సూరా, మూడు ఆయత్‌లు, పది మాటలు.

అందరూ ఒప్పుకున్నారా అంటే లేదు. జాహిజ్ గురువు నజ్జామే, అరబ్బులు తలుచుకుంటే రాయగలిగేవాళ్లు, దేవుడు వాళ్ల మనసు మళ్లించాడు అన్నాడు. ఎక్కువమందికి ఇది రుచించలేదు. నాకూ రుచించలేదు. చేతులు కట్టేసి పందెం గెలవడం ఏం గెలుపు? 1013లో పోయిన బాఖిల్లానీ ఇంకో దారి పట్టాడు. అరబ్బులు నెత్తిన పెట్టుకునే పాతకాలపు కవి ఇమ్రుల్ ఖైస్ పద్యాన్ని ముందేసుకుని చరణం చరణానికీ తప్పులు పట్టాడు. అచ్చం మేం వేసవిలో స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చున్నట్టే.

నన్ను పట్టుకున్నవాడు మాత్రం జుర్జానీ. కాస్పియన్ సముద్రానికి దగ్గర్లో గుర్గాన్ అతని ఊరు. 1078 ప్రాంతంలో పోయాడు. అంటే ఇక్కడ రాజమహేంద్రవరంలో నన్నయ గారు భారతం మొదలుపెట్టిన శతాబ్దమే. అతని వాదం చూడండి: విడి మాటలో గొప్పేమీ లేదు, ఆ మాటలు నిఘంటువులో అందరికీ ఉన్నాయి. గొప్పంతా కూర్పులో ఉంది. ఆ కూర్పుని నజ్మ్ అన్నాడు, పూసలు గుచ్చడం. ఏ మాట పక్కన ఏది, ఏది కర్త, ఏది ముందు, ఏది దాచింది.

అతను ఇచ్చిన ఉదాహరణే ఒకటి. 19వ సూరాలో ముసలి ప్రవక్త జకరియ్యా దేవుణ్ణి రహస్యంగా వేడుకుంటాడు. ఎముకలు సడలిపోయాయంటాడు. తర్వాతి మాట "వష్తఅలర్రఅసు షైబా". ఉన్నదున్నట్టు చెబితే, తల నెరుపుతో భగ్గుమంది. తెల్లవెంట్రుకల్ని నిప్పుతో పోల్చడం మామూలు కవి కూడా చేస్తాడు. జుర్జానీ అక్కడ ఆగలేదు. మండింది నెరుపు కదా, మరి మండినట్టు తలని ఎందుకు చెప్పాడు? "తలలో నెరుపు మండింది" అంటే ఓ పక్క ఉండి ఉండొచ్చు. "తల మండింది, నెరుపుతో" అన్నప్పుడు ఇక నల్లవెంట్రుక మిగల్లేదు. దీనికి జోడీగా ఇంట్లో నిప్పు మండింది, ఇల్లు నిప్పుతో మండింది అన్న రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూపించాడు.

ఇది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "ఇంట్లో నిప్పంటుకుంది" అంటే మా వీధిలో బకెట్టు తెస్తారు. "ఇల్లంటుకుంది" అంటే పిల్లల్ని బయటికి లాగుతారు. ఆ తేడా తెలుగువాడికి ఒకరు చెప్పాలా? మనం కూడా "తల నెరిసింది" అనే అంటాం, నెరిసేది వెంట్రుకైనా. ఇంకాస్త ముందుకెళ్లి "తల ముగ్గుబుట్టయింది" అంటాం. కానీ ముగ్గుబుట్టలో నిప్పు లేదు. ముసలాయన ఒళ్లు చల్లబడుతుంటే తల మండుతోందనడంలో ఉన్నది మన "నెరిసింది"లోకి రాదు. నేను పదకొండు రకాలుగా తెలుగు చేసి చూశాను. పదకొండూ కొట్టేశాను.

భాషా చరిత్రకారుడు డాక్టర్ చిలుకూరి నారాయణరావు గారు స్వాతంత్ర్యానికి ముందే ఖురాన్‌ని తెలుగు చేశారు. అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పిన హిందూ పండితుడు ఆ పనికి పూనుకున్నారంటే నాకు ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. ఇలాంటి చోట్ల ఆయన కలం ఎంతసేపు ఆగి ఉంటుందో!

మీ వ్యాసకర్తకి సైన్సు ఎందుకు సులువైందో నాకు తెలుసు. పిండం సంగతి అనువాదంలో దాటుతుంది, నజ్మ్ దాటదు. కానీ అరువు గొప్ప ఎన్నాళ్లు నిలుస్తుంది? నా సర్వీసులోనే ప్లూటోని గ్రహాల్లోంచి తీసేశారు. 365 లెక్కా అంతే. "రోజు"కి ఉన్న రూపాల్లో ఏవి కలపాలి, ఏవి వదలాలి అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. గ్రెనడా పండితుడు షాతిబీ 14వ శతాబ్దంలోనే, లోకంలోని శాస్త్రాలన్నీ ఖురాన్‌లో వెతికేవాళ్లని మందలించాడు. మన కాలంలో ఈజిప్టు ఆచార్యురాలు ఆయిషా అబ్దుర్రహ్మాన్ కూడా అలాగే మందలించారు. బింతుష్షాతీ, అంటే తీరం కూతురు, ఆమె కలం పేరు. 1998లో పోయారు. ఖురాన్‌లో ఒక మాట చోట దాని పర్యాయపదం పెడితే కుదరదని మాట మాటా పట్టుకుని చూపించిన మనిషి.

అరబీ రానివాళ్ల మాటేమిటని మీరు అడగొచ్చు. బాఖిల్లానీ దీనికి మొహమాటం లేకుండా జవాబిచ్చాడు: అరబ్బు కానివాడికి అది నేరుగా తెలియదు, ఆ భాష ఉద్దండులే ఓడిపోయారన్న కబురు విని తెలుసుకోవాల్సిందే. విన్నప్పుడు మనసు చివుక్కుమంది. మా నాన్నకి ఆ కబురు కూడా తెలియదు. కౌసర్ సూరాని దూది ఏకే విల్లు చప్పుడుకి తగ్గట్టు ఊగుతూ చదివేవాడు. ఉచ్చారణ తప్పని హజ్రత్ గారు దిద్దితే, సరేనని మళ్లీ అలాగే చదివేవాడు.

ఈ వారం సవరణ వేసేటప్పుడు 17:88 అని వేయండి. వీలైతే ఆ జకరియ్యా ఆయత్ ఒక్కటి తెలుగు లిపిలో, పక్కన అర్థంతో వేయండి. వ్యాసమంత చోటు అక్కర్లేదు, నాలుగు అంగుళాలు చాలు.

మీ అచ్చుతప్పు వల్ల ఓ లాభం మాత్రం జరిగింది. మా మనవడు ఒంటె దగ్గర ఆగిపోకుండా కిందికి చదివాడు. ఒంటె తర్వాత ఆకాశం ఎలా ఎత్తారో, కొండలు ఎలా నాటారో, నేల ఎలా పరిచారో చూడమని ఉంటుంది. "తాతా, ఒంటె మీద కూర్చున్నోడు పైకి చూసి, ఎదురుగా చూసి, కిందికి చూసినట్టుంది" అన్నాడు. వాడు తొమ్మిదో తరగతి. జుర్జానీ పేరు వాడికింకా చెప్పలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
మార్కాపురం