మూత్రానికి ఏ మోకాలో తెలియదు

సంపాదకుడు గారికి,

పోయిన నెల మా పర్లాకిమిడిలో మోకాళ్ల నొప్పుల క్యాంపు పెట్టారు. బోర్డు మీద ఉచితం అనే రాశారు. లోపలికి వెళ్లాక రక్తం, మూత్రం పరీక్షలకని 1,800 రూపాయలు కట్టించుకున్నారు. వారానికి మా అమ్మ రిపోర్టు వచ్చింది, అంతా ఇంగ్లీషే. సీటీఎక్స్-2 అన్నచోట ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ‘ఐదేళ్లలో కీలు పూర్తిగా అరిగిపోతుంది, ఆపరేషన్‌కి డబ్బు చూసుకోండి’ అన్నారు. ఆరోజు నుంచి అమ్మ మెట్లు దిగడం మానేసింది. నొప్పికి కాదు, భయానికి.

ఆ పరీక్ష బూటకం అనను. మనం గుజ్జు అనే మృదులాస్థి అరిగేటప్పుడు అందులోని కొల్లాజెన్ తునకలు మూత్రంలోకి వస్తాయి. సీటీఎక్స్-2 అంటే అదే. అమెరికాలో 2004లో మొదలైన ఒక పెద్ద అధ్యయనం 45–79 ఏళ్ల వాళ్లు 4,796 మందిని ఏళ్ల తరబడి గమనించింది. వాళ్లలో 600 మంది నమూనాలు చూస్తే, ఈ తునకలు ఎక్కువున్నవాళ్లకి అరుగుదల ముదిరే అవకాశం ఎక్కువని తేలింది. అది గుంపు మీద చెప్పే మాట. దాన్ని పట్టుకుని మా అమ్మ ఒక్కదానికి జాతకం చెప్తే ఎలా? పైగా ఆ తునకలు తుంటి నుంచి రావచ్చు, వెన్ను నుంచి రావచ్చు. పొద్దున పట్టిన మూత్రంలో ఒక అంకె, సాయంత్రం ఇంకో అంకె. అమ్మది ఎప్పుడు పట్టారో రిపోర్టులో లేనే లేదు.

అంకె ఎక్కువొచ్చిందే అనుకుందాం. అరుగుదలను ఆపే మందు ఇంకా రాలేదు. కిలో బరువు తగ్గితే అడుగడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఇది చెప్పడానికి మూత్రం అక్కర్లేదు. పాతపట్నంలో ఫిజియోథెరపిస్టు 200 తీసుకుని, కుర్చీలో కూర్చుని కాలు చాపి పది లెక్కపెట్టమన్నారు. అమ్మ కుడికాలికి తెలుగులో, ఎడమకాలికి ఒడియాలో లెక్కపెడుతోంది. నిన్న మెట్లు దిగింది.

గజపతి జిల్లా ఆరోగ్యాధికారులకు నా విన్నపం ఒక్కటే. ఇలాంటి పరీక్ష చేసేవాళ్లు, అది ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో డబ్బు తీసుకోకముందే ఒడియాలోనూ తెలుగులోనూ రాసివ్వాలని షరతు పెట్టండి. అలాగే రసీదు ఇవ్వమనండి. మాకు ఇవ్వలేదు.

– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి