పొలం విందు: వంట, వైన్, వడ్డన చూసేవాళ్లకు

అందరికీ నమస్కారం. ఆకుకూరలు ఎండెక్కకముందే కోయించి, తడిగుడ్డ కప్పి నీడలో ఉంచండి. మధ్యాహ్నం కోస్తే సాయంత్రానికి వడలిపోతాయి. టమాటాలు మాత్రం ఫ్రిజ్‌లో పెట్టొద్దు, వాసన పోతుంది. మొక్కజొన్న కండెలు వీలైనంత ఆలస్యంగా విరవండి. విరిచినప్పటి నుంచీ వాటిలో తీపి తగ్గుతూనే ఉంటుంది.

వైన్ దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. 750 మి.లీ. సీసాకు 150 మి.లీ. చొప్పున వచ్చేవి 5 గ్లాసులే. తాగేవాళ్లకు మనిషికి అర సీసా లెక్కేసి, పైన పదోవంతు అదనంగా తెప్పించండి. వైట్ వైన్ 8–12 డిగ్రీలు, రెడ్ వైన్ 15–18 డిగ్రీల్లో ఉండాలి. రెడ్‌ను వేడిలో అలాగే వదిలేస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప పండు రుచి తెలియదు. అందుకే దాన్నీ 15 నిమిషాలు ఐసులో పెట్టాల్సిందే. ఉత్త ఐసు వద్దు, సగం నీళ్లు పోయండి. నీళ్లు సీసాను అన్నివైపులా తాకుతాయి కాబట్టి త్వరగా చల్లబడుతుంది. గ్లాసు మూడోవంతే నింపండి, లేకపోతే తాగేలోపే వేడెక్కుతుంది. కారం వంటకాలతో వగరు రెడ్ ఇవ్వకండి, మంట పెరుగుతుంది. కాస్త తీపి ఉన్న వైట్ నయం.

వండినవి 2 గంటలకు మించి బయట ఉంచకూడదు, బయట గాలి వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. కొద్దికొద్దిగా తెచ్చి వడ్డించండి.

బల్ల దగ్గర మనిషికి 60 సెం.మీ. చోటు, గాలికి గుడ్డ లేవకుండా క్లిప్పులు. పురుగులు తగ్గాలంటే తెల్ల లైట్లు కాకుండా పసుపు బల్బులు కట్టండి.

చిన్న ఊళ్లో రాత్రి బండ్లు దొరకవు. తాగకుండా కారు నడిపేవాళ్లెవరో ముందే ఇక్కడ రాయండి.