మా పంచాయతీ సెక్రటరీ గారికి బహిరంగ లేఖ

సెక్రటరీ గారూ, నమస్కారం. ప్లాస్టిక్ చెత్త గురించి మూడుసార్లు అర్జీ పెట్టినా జవాబు రాలేదు, అందుకే అందరి ముందూ రాస్తున్నా, ఏమీ అనుకోకండి.

2022 జులై 1 నుంచి దేశమంతా ప్లాస్టిక్ గ్లాసులు, స్ట్రాలు బంద్, డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల మందం లోపు పల్చటి కవర్లూ బంద్. మంచిదే. కానీ మా వీధిలో ఇడ్లీలమ్మే అత్త చట్నీ కవర్‌లో కట్టిందని 500 ఫైన్ వేశారు, ఆవిడ రెండ్రోజుల సంపాదన అది, అదే ఆదివారం మంచు చూడ్డానికి కార్లలో వచ్చినోళ్ళు వ్యూపాయింట్ దగ్గర గ్లాసులూ బిర్యానీ కవర్లూ విసిరేసి పోతే అడిగే నాథుడు లేడు. సోమవారం మా ఆవు ఆ కవరే నములుతుంటే నోట్లో చెయ్యి పెట్టి లాగాను, సగమే వచ్చింది.

ఊరోళ్ళకీ వచ్చేవాళ్ళకీ ఒకే రూల్ పెట్టండి సార్. శని, ఆదివారాలు ఘాట్ రోడ్డు మొదట్లో ఒక మనిషిని నిలబెట్టండి. సంక్రాంతి లోపు రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
మీ 4వ వార్డు మనిషి